ఏడో తెర

అమీర్‌పేటలో మూడో అంతస్తు, కింద మిర్చి బజ్జీల బండి.
ఆ నూనె వాసనలో కూర్చుని వానను తయారుచేశాను.
ఎనిమిదో తరగతి, నీటి చక్రం, పన్నెండు తెరలు.
మబ్బు కింద వేలితో జరిపే గుండ్రటి గుండీ ఒకటి:
కుడికి జరిపితే వాన.
ఎడమకి ఎవరు జరుపుతారులే అని
ఆ వైపు పరీక్షించనే లేదు.

'ముందుకు' బాణానికి తాళం వెయ్యమన్నాడు సుధాంశు, మా మేనేజరు.
గొంతు చెప్పడం ముగిసేదాకా పిల్లలు కదలకూడదట.
ఆ గొంతు నాదే.
రికార్డు చేస్తూ నాకే ఆవులింత వచ్చింది.
వేశాను తాళం.

చాదర్‌ఘాట్ బడిలో పదకొండు ట్యాబులు. ఒకదానికి చార్జింగు నిలవదు.
ఒక్కోదానికి ముగ్గురు పిల్లలు, వేలు మాత్రం ఒకరిదే.
మూడో బెంచీలో ఆ వేలు సుంబుల్‌ది.

ఏడో తెర మీద ఆగింది.
కుడికి జరిపింది, నది నిండింది.
ఎడమకి లాగింది.
చినుకులు ఒక్కటొక్కటే నేల విడిచి
మబ్బులోకి ఎక్కాయి.
ఖాళీగా ఉందని గట్టు మీద నేను గీసిన రేకుల ఇల్లు
తలుపుతో సహా బయటపడింది.
మళ్ళీ కుడికి. మళ్ళీ ఎడమకి,
ఈసారి నిద్రపోయే పాప మీంచి దుప్పటి తీసినంత నెమ్మదిగా.

తాళం ఎప్పుడో తెరుచుకుంది. తను కదల్లేదు.
"ముందుకు పోవే" అని పక్కపిల్ల మోచేత్తో పొడిచింది.
"ఆగు జర. గేట్లు ఎప్పుడు ఎత్తుతరో చూస్తున్న."

నా పాఠంలో గేట్లు లేవు.

నీళ్ళు వెనక్కి పోవమ్మా, అనబోయాను.
తెర మీంచి చూపు తిప్పకుండానే అంది:
"మా ఇంట్ల మంచం దాంక వచ్చినయ్ సార్.
ముందుగాల ఎవ్వరూ చెప్పలే."

సాయంత్రానికి లెక్కలు వచ్చాయి.
ఏడో తెర, నలభై ఒక్కసార్లు.
ఎనిమిది నుంచి పన్నెండు, సున్న.
కింద ఎర్రగా: పాఠం అసంపూర్తి.

బజ్జీల బండి వెళ్ళిపోయాక కూర్చున్నాను.
తాళం తీసేశాను.
పైకెక్కే చినుకు కాస్త వణికేది, సరిచేశాను.
నదికి ఎగువన ఆనకట్ట గీసి రెండు గేట్లు పెట్టాను,
రెంటికీ రెండు గుండీలు.
సుధాంశుకి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

చివరగా నా గొంతు పక్కన
ఆపడానికి ఒక మీట పెట్టి
పనిచేస్తుందో లేదోనని
మొదట నేనే నొక్కాను.