నోరు వాడిది

ఆదోని మార్కెట్ యార్డులో పొద్దున పదింటికి
నా గొంతుకు పని మొదలు.
ఏడువేల నూరు... ఏడువేల నూటాయాభై...
కోసిగి రైతు బోరెం మీంచి లేచి నిలబడతాడు,
నా నోట్లోంచి ఇంకో యాభై రాలుతుందేమోనని.

ఈ గొంతే ఒకప్పుడు
అమెరికా పిల్లోడి నోట్లో కాపురముండె.

మద్రాసులో, చీకటి గదిలో,
మైకు అందదని పీట మీద నిలబెట్టేవాళ్లు.
తెర మీద వాడు.
మొగం నిండా గోధుమరంగు మచ్చలు,
ముందుపన్ను ఒకటి లేదు.
వాడు నోరు తెరిస్తే నేను మాట్లాడాల,
వాడు మూస్తే నేను మింగాల.
వాడి మాట పొట్టి, మన మాట పొడుగు,
తోక ఎప్పుడూ పెదాల బయట వేలాడేది.
సీమ యాస వద్దురా అని అద్దం అవతల్నుంచి కేక.
'యాడికి' తీసేసి 'ఎక్కడికి' పెట్టినారు.
ఉరుకుందును తీసేసి
మాస్టర్ వినోద్‌ను పెట్టినారు.

ఒక్క మాట మాత్రం పదిహేడు సార్లు చెప్పించినారు.
తప్పిపోయినోడు తల్లి కనపడంగానే 'అమ్మా' అనాల.
పదహారు సార్లు వాడి కోసం అంటి.
పదిహేడోసారి మాయమ్మ గుర్తొచ్చె,
జిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు,
రెప్పల మీద దూది.
ఓకే అన్నారు అవతల.
రెండు బిస్కెట్లిచ్చినారు.

పదమూడో ఏట గొంతు పగిలింది.
పత్తికాయ పగిలితే
గోనెలు పట్టుకొని ఊరంతా వస్తాది.
నా గొంతు పగిలిన నాడు
టికెట్టు చేతిలో పెట్టి రైలెక్కించినారు.
గుంతకల్లు దాకా
బాత్‌రూం పక్కన నిలబడే వచ్చినా,
ఎవురితోనూ మాట్లాడలేదు.

వాడిదీ పగిలే ఉంటాది.
యాడున్నాడో, ఏం అమ్ముతాండాడో.
తన నోట్లో ఆదోని పిల్లోడు
మూడేండ్లు బతికినాడని వాడికెవరు చెప్తారు?

రాత్రి నా కూతురు ఫోన్లో ఆ సినిమా పెట్టింది.
నాయినా, ఈ పిల్లోడు భలే ఏడుస్తాండాడు సూడు.
నేనే అంటి.
నవ్వింది. ఏదీ, అయితే అను.
గొంతు సవరించుకుంటి.
పొద్దంతా ధరలు అరిచిన గొంతు,
ఏదో పోగు అడ్డం పడినట్టు దగ్గే వచ్చింది.

ఫోన్లో వాడు మళ్లీ అన్నాడు, 'అమ్మా'.

మిల్లు చప్పుడుకు చెవులు పోయిన మాయమ్మ,
నాలుగుసార్లు పిలిచినా పలకని మనిషి,
వంటింట్లోంచి
ఏంరా, అనింది.