ఎర్త్

మూడో మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు
సున్నాకి పడిపోతోందంటుంది మృణాళిని,
హెల్మెట్ తీయకుండానే.
నిజంగా సున్నా అయితే ఇంజను ఈపాటికి ముద్ద.
అది మాత్రం శామీర్‌పేట దుమ్ము తాగి
హాయిగా గుర్రుమంటోంది.

రాత్రి బాలానగర్ షెడ్డులో
పాత మెకానికల్ గేజి బిగించి చూశాం:
నాలుగు బార్లు. కదల్లేదు.
అంటే నెత్తురు బాగానే ఉంది,
నాడి చూసేవాడే తడబడుతున్నాడు.

ఫ్యూజు మార్చాను.
వైరుని కొస నుంచి కొస దాకా గోటితో తడిమాను.
చల్లగా ఉంటే మల్టీమీటరు కూస్తుంది,
ఇంజను వేడెక్కితే మూగది.
ఒంటిగంటకి కరెంటు పోయింది.
సెల్లు వెలుతుర్లో సర్వర్ భాయ్ సెండర్ విప్పి
ముక్కు దగ్గరికి తెచ్చుకుని,
"గీ తెల్లటేపు ఎవడు చుట్టిండ్రా?"

నేనే.
చుక్క నూనె కారొద్దని
ఏడు చుట్లు, పెళ్లికొడుక్కి పాగా చుట్టినట్టు.
"ఇత్తడి ఇనుముని తాకకుంటే
ఎర్త్ యాడికెళ్లొస్తది?"

బ్లేడుతో గీకేశాం.
తెల్లారి ట్రాక్ మీద ముల్లు నాలుగు దగ్గరే నిలబడింది,
మూడో మలుపులో కూడా.
తిరిగొచ్చాక చూస్తే
సెండర్ కింద సన్నగా ఒక చుక్క.
నేను టేపు కోసం జేబు తడుముకునేలోపు
సర్వర్ భాయ్
ఖాళీ చాయ్ గ్లాసు దాని కింద పెట్టాడు.