చూసినవాళ్ళెవరు

కాకినాడలో నరాల డాక్టరుగారు
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి అడిగారు:
ముందు మెడ ఎటు తిరిగిందమ్మా,
కుడికా, ఎడమకా?
చెయ్యి ముందా, కాలు ముందా?
ఎంతసేపు కొట్టుకున్నారు?

ఏం చెప్పను.
నా ఇంట్లో దొంగలు పడ్డ రాత్రి
నేనొక్కదాన్నే ఊళ్ళో లేను.
నాకు తెలిసిందల్లా
మొదట కొబ్బరిపీచు కాలిన వాసన,
ఆఖర్న నోట్లో ఉప్పగా నెత్తురు.
మధ్యలోది
గోదారి కోసుకుపోయిన లంకభూమి.
పాసుపుస్తకంలో ఉంటుంది, నేల ఉండదు.

"చూసినవాళ్ళెవరైనా ఉంటే కనుక్కుని రండి" అన్నారు.
పొద్దున్నొకటి, రాత్రొకటి మాత్ర రాశారు.
బాగుంది కదా అని మానేయొద్దన్నారు.
ఇంకో మాట కూడా:
నీళ్ళ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి.

నవ్వొచ్చింది నాకు.
ముక్తేశ్వరం మనిషినండి నేను.
వాకిట్లో పంటబోదె, పెరట్లో కాలవ,
మిషను కుట్టే కొట్టు వెనకే చేపల చెరువు,
మీ దగ్గరికి రావాలన్నా గోదారి దాటాలి.
నీళ్ళు లేని చోటు చూపించండి, కాపురం పెడతాను.
ఆయనా నవ్వి
'ఒంటరిగా' అన్న మాట కింద గీత గీశారు.

ఇరవయ్యేళ్ళు దాచాను.
కాకిసోమాల అన్నారొకరు, గాలి అన్నారొకరు,
మా అమ్మ తాయెత్తు కట్టి, ఎవరికీ చెప్పకు అంది.
ఇప్పుడు నేనే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి
"మొన్న పంటు మీద పడిపోయినప్పుడు
ఎలా ఉన్నానండి?" అని అడగాలి.
ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి.
నా కొలత వాళ్ళ దగ్గరుంది.

డిగ్రీ చదివే ప్రదీపు తల వంచుకుని ఒప్పుకున్నాడు:
ఫోన్లో తీశానక్కా. ఎవరికీ పంపలేదు.

చూశాను. నలభై ఒకటో ఏట, మొదటిసారి.
రేవులో కట్టేసిన పంటు,
ఇనప నేల మీద ఎవరో ఒకావిడ.
చీర నాదే. గాజులు నావే.
కుడి చెయ్యి ముందు,
మిషను సూదిలా పైకీ కిందకీ,
గుడ్డ లేకుండా కుట్టుకుపోతోంది.
మెడ ఎడమకి.
అసహ్యం వేస్తుందనుకున్నాను.
కంగారేసింది,
ఎవరైనా పట్టుకోండి, అంచు పక్కనే నీళ్ళు,
అని ఫోన్లోకి అరవబోయాను.

అప్పుడు కనిపించింది
చేపల మంగాయమ్మ చెయ్యి.
నెత్తి మీది చుట్టకుదురు తీసి
నా తల కింద పెట్టింది.
ఎవరో తాళాలగుత్తి తెస్తే విసిరికొట్టింది.
"పక్కకి తిప్పండ్రా, నోట్లో ఏం పెట్టకండి" అని ఒక గొంతు.
జాకెట్టు చెడగొట్టానని
ఏడాదిగా నాతో మాట మానేసిన
అంగన్‌వాడీ కనకరత్నానిది ఆ గొంతు.
టిక్కెట్లు కోసే ఏడుకొండలు
ఓ పక్కన నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

ఆ వాచీ చూపు నాకు గుచ్చుకుంది.
మర్నాడు వెళ్ళి అడిగాను.
చొక్కా జేబులోంచి నలిగిన టిక్కెట్టు తీశాడు.
వెనకాల పెన్నుతో: 2 ని. 10 సె.
"పంటు ఎప్పుడు కదిలిందో రాసుకునే అలవాటండి,
అదీ రాసేశాను.
పనికొస్తుందేమో అని పారేయలేదు."

డాక్టరుగారు ఆ టిక్కెట్టుని
ఫైలుకి పిన్ను కొట్టారు,
తలకి వైర్లు తగిలించి తీసిన గీతల కాయితం పక్కనే.
మందు కొంచెం పెంచారు.
తగ్గిపోతుందని అనలేదు.
చూద్దాం అన్నారు.

ఆఖరి పంటుకి కోటిపల్లిలో ఎక్కి
అంచుకి దూరంగా, మధ్యలో కూచున్నాను.
సగం గోదారిలో ఉండగా
అటు చివర్నించి మంగాయమ్మ కేకేసింది:
"భ్రమరాంబా, రాత్రి మాత్ర ఉందా, అయిపోయిందా?"
మోటారుసైకిళ్ళ వాళ్ళు, మేకల వాళ్ళు, కొత్త పెళ్ళికూతురు,
అందరూ నా వైపు తిరిగారు.

"ఆయ్, ఉందండి" అన్నాను,
ఇంజను చప్పుడు మీంచి
వినపడేలాగే.