తొడిమల షెడ్డు

మిర్చి యార్డులో దేవుడికీ దగ్గొస్తుంది.
నమ్మకపోతే మార్చిలో గుంటూరు రండి,
తేజా కాయ గుట్టలు పోసిన రోజున.
కాటా పక్కన పటంలో అమ్మవారి
ముక్కుపుడక మీద కూడా ఎర్ర దుమ్మే.

మేం తొడిమలు తీసేవాళ్ళం.
పొద్దున ఏడింటికి కూర్చుంటే
మధ్యాహ్నానికి వేళ్ళు మావి కావు.
గోళ్ళ సందున నిప్పు కాపురముంటుంది.

ఆ ఏడు రేటు పడిపోయింది.
టిక్కీల మీదే రైతులు నిద్రపోయారు,
కొందరు నిద్రపోయినట్టు పడుకున్నారు.
ఓట్లింకా నెల రోజులు.
అప్పుడు పెట్టారు యార్డులో యాగం.

‘ధర కోసం ధర్మం’ అని ఫ్లెక్సీ.
అందులో నాయకుడు నిలువెత్తు,
స్వామి నడుం దాకా,
దేవుడు పైన మూలన, స్టాంపు బిళ్ళంత.

స్వామి బాగానే మాట్లాడాడు, అబద్ధమెందుకు.
రాజ్యానికి ధర్మం ఏటికి గట్టులాంటిది అన్నాడు.
ఆ మాట నాకు నచ్చింది.
గట్టు తెగినప్పుడు ముందు ఎవరి కొంప మునుగుతుందో
అదొక్కటి చెప్పలేదు.

పూర్ణాహుతిలో ఎవరో భక్తి పట్టలేక
దోసెడు ఎండుమిరపకాయలు పడేశారు.
ఇక చూడు,
కలెక్టరాఫీసు వాళ్ళు, కమీషన్ ఏజెంట్లు,
తుపాకీ పట్టుకున్న గన్‌మన్,
అందరూ ఒకటే దగ్గు, ఒకటే ఏడుపు.
మర్నాడు పేపర్లో పడింది:
‘భక్తి పారవశ్యంలో జనసంద్రం.’

మిరపకాయలు కాలితే ఘాటు రాకపోతే
దిష్టి ఉన్నట్టు అనేది మా అమ్మ.
ఆ రోజు ఘాటు ఊరంతా వచ్చింది.
అంటే మాకు తగిలింది దిష్టి కాదన్నమాట.
తగిలినవాడు ముందు వరసలో
పట్టు కండువాతో కూర్చుని దగ్గుతున్నాడు.

తర్వాత నాయకుడు మా షెడ్డుకొచ్చాడు.
మాతోపాటు నేల మీద కూర్చున్నాడు,
పంచె మాయకుండా కింద ఎవరో దుప్పటి పరిచారులే.
గుప్పెడు కాయలు తీసుకుని నలిపి
‘ఏం ఎరుపమ్మా’ అన్నాడు.
పక్కన రాహేలమ్మ కళ్ళు కారుతున్నాయి,
పొగకో, పొద్దుటి నుంచీ ఏమీ తినకనో.
ఆయన ఆ వేళ్ళతోనే
ఆమె కన్నీళ్ళు తుడిచాడు.

కెమెరాలు మెరిశాయి.
రాహేలమ్మ ‘అయ్యో ప్రభువా’ అని కేక పెట్టింది.
వెనకవాళ్ళు అది తమ నాయకుణ్ణే అనుకుని
జై కొట్టారు.

కార్లు కదిలాక కూడా ఆమె నేల మీద దొర్లుతూనే ఉంది.
హమాలీ ఖాజావలి బస్తా కొక్కెం విసిరేసి వచ్చాడు.
వచ్చినవాడు వెంటనే ముట్టుకోలేదు.
కుళాయి కింద కూర్చుని
నమాజుకి ముందు కడుక్కున్నంత నిదానంగా
మోచేతుల దాకా కడిగాడు,
సబ్బుతో, క్యారేజీలో మజ్జిగతో, మళ్ళీ సబ్బుతో.
మేం తిడుతున్నాం, త్వరగా రారా అని.
వాడు వేలు ముందు తన కంట్లో పెట్టుకుని చూశాడు.
మండింది.
మళ్ళీ కడిగాడు.
మళ్ళీ తన కంట్లోనే.
అప్పుడు ఆమె రెప్ప విప్పి నీళ్ళు పోశాడు.

స్వామి కారు గేటు దగ్గర ఆగి ఉంది.
అద్దం దించి ఆయన అంతా చూశాడు.
తన అరచేతుల వంక చూసుకున్నాడనిపించింది నాకు.
డ్రైవరు హారన్ కొట్టాడు.

నాయకుడు గెలిచాడు.
అరండల్‌పేట బ్రిడ్జి కింద గోడ మీద
ఆ పోస్టరు ఇంకా ఉంది, వానకి సగం ఊడి.
రాహేలమ్మ ముఖం పోయింది,
ఆయన వేలు మిగిలింది.

దేవుడు రాజకీయంలో ఉండాలా వద్దా అని
టీ కొట్టు దగ్గర రోజూ కొట్టుకుంటారు మగాళ్ళు.
నన్నెవరూ అడగరు.
నాకు టైమూ ఉండదు.
సంగడిగుంట చేరేసరికి చీకటి పడుతుంది,
గుమ్మంలోనే మనవడు చేతులు చాపి దూకుతాడు.
ఆగరా నా తండ్రీ, అంటాను,
తొట్టి దగ్గర వంగి.
ఒకసారి. రెండోసారి.
చిటికెన వేలు నా కంటి కొసకి తాకించుకుంటా.
కాస్త చురుక్కుమంటుంది.
ఆగరా, ఇంకొక్కసారి.