గోడలెన్ని

ద్వారకానగర్‌లో మెట్లు దిగితే వచ్చే ఆ ఇరుకు కొట్టులో
కుర్రాడు ముందు నా బడ్జెట్ అడగలేదు.
"ఇంట్లో గోడలెన్నమ్మా?" అన్నాడు.

చేతిసంచిలో పాత రౌటరు.
ఉప్పుగాలికి తుప్పెక్కిన స్క్రూలు,
విరిగిన యాంటెనాకి నేనే చుట్టిన జాకెట్టుగుడ్డ పీలిక.
హుద్‌హుద్ వెళ్ళిన మరుసటేడు కొన్నది.
వారంగా దీని దీపాలు
ఎర్రగా వెలిగి, కాసేపు ఆలోచించి, ఆరిపోతున్నాయి.

గోడలు.
వేళ్ళు మడిచాను.
వీధిగది గోడ, పడకగది గోడ,
వంటింటిది మావగారు రాతితో కట్టించారు, మేకు దిగదు.
నాలుగోది నోటిదాకా వచ్చి ఆగింది.

అది మూడేళ్ళ కిందట లేచింది.
కంచరపాలెం ఇల్లు అన్నదమ్ములకి రెండైనప్పుడు
నడవకి అడ్డంగా, తొమ్మిదంగుళాల మందాన,
మేస్త్రి ఒక్క రోజులో లేపేశాడు.
అటువైపు ఇంకా సున్నం వెయ్యలేదట.
ఇటువైపు మేం క్యాలెండరు తగిలించాం.

"నాలుగు," అన్నాను.

కుర్రాడు రెండు పెట్టెలు విప్పాడు.
ఒకటి వెల్లకిలా పడ్డ సాలీడులా, ఆరు కొమ్ములతో.
రెండోది మామూలుది, మా టిఫిన్ డబ్బా మూతంత.
"దేంట్లోనైనా రెండు దార్లుంటాయమ్మా.
స్పీడు దారి గోడకాడే సచ్చిపోద్ది.
నెమ్మది దారి ఉంది సూడండి,
అది దూరి పోద్ది.
వాడేదెంతమందేటి?"

ఆయన, నేను, ఇద్దరు మగపిల్లలు.
"అయిదుగురు," అంది నా నోరు.

రోజూ రాత్రి పదింటికి
గోడ అవతల లెక్కల మాస్టారి గొంతు వినపడేది.
మా మరిది కూతురు ఢిల్లీశ్వరి పాలిటెక్నిక్‌కి చదువుతోంది.
వారంగా ఆ గొంతు లేదు.
తోడికోడలు నూకరత్నం అడగదు.
నేను చెప్పను.
కుళాయి దగ్గర బిందెలు మాత్రం ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి.

మామూలుదే తీసుకున్నాను.
పదమూడొందలు, వైరు ఉచితం.
"కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు పెట్టీమంటారా?"
"వద్దు బాబూ. పాతవే పెట్టు,
అక్షరం మారకూడదు."
బిల్లు వెనక రాసిచ్చాను,
గిన్నిగాడు, పక్కన నాలుగు సున్నాలు.
గిన్నిగాడు మా పిల్లి.
ఇల్లు ఒకటిగా ఉన్నప్పుడు
తొమ్మిదేళ్ళ ఢిల్లీశ్వరి నా ఒళ్ళో కూర్చుని కొట్టిన పాస్‌వర్డు.
పిల్లి ఇప్పటికీ రెండు వంటిళ్ళలోనూ తింటుంది.

సాయంత్రం క్యాలెండరు తీసి
ఆ మేకుకే రౌటరు తగిలించాను.
"ముందుగదిలో పెట్టకుండా ఇక్కడేటి?" అన్నాడాయన.
"అక్కడ కిటికీలోంచి ఉప్పుగాలి," అన్నాను.
ఆయన గోడకేసి చూశాడు,
నాకేసి చూశాడు,
స్టూలు తీసుకెళ్ళి లోపల పెట్టేశాడు.

పదింటికి మర్రిపాలెం వైపు గూడ్సు వెళ్ళింది.
పదీ అయిదు.
పదీ పది.
నేను రేపటి పప్పు ఏరుతున్నాను, ఏరిందే మళ్ళీ ఏరుతున్నాను.

"ఎక్స్ విలువ..."
అని తడబడి, ఆగి,
గుండ్రంగా తిరిగి తిరిగి, కాబోలు,
"...కనుక్కోండి," అన్నాడు మాస్టారు
ఇటుకల్లోంచి.