తప్పొప్పుల పట్టిక

నా యంత్రానికి ఇరవై రెండే మీటలు.
దగ్గుకి మీట లేదు, మౌనానికి అసలే లేదు.
పద్దెనిమిదేళ్లుగా ఈ విచారణ గదుల్లో
ఎవరేమంటే అది కొట్టడమే నా పని.
నమ్మడం, నమ్మకపోవడం జడ్జి గారి జీతంలోవి.

నార్ఫోక్. మూడో అంతస్తు.
కిటికీలో బూడిదరంగు ఓడ ముక్కు, సగం క్రేను.
బల్లకి అవతల మార్వెల్లా టీగ్,
యుద్ధనౌకల రాడార్లు బాగుచేసే మనిషి.
ఎంత తోముకుని వచ్చిందో, చర్మం లేచింది గాని
గోళ్ల కింద గ్రీజు పోలేదు.
లాయరు లేడు. బూట్ల అట్టపెట్టె ఒకటి తెచ్చుకుంది,
దాన్నిండా రసీదులు, రబ్బరు బ్యాండ్లు వేసి.

ప్రభుత్వం తరఫు లాయరు గొంతు పెంచే రకం కాదు.
ముప్పై ఒక్క వేల డాలర్లు, అన్నాడు.
ఆస్పత్రికి ఇంత, కార్డులకి ఇంత,
రాత్రిపూట లాక్కెళ్లిన కారు మీద ఇంకా ఇంత.
ఆమె ప్రతిదానికీ అవునంది.
అవునుకి నాకు ఒకే దెబ్బ. పదకొండు సార్లు కొట్టాను.

ఆ అప్పు వెనక మొగుడు ఆల్టన్ కిడ్నీలు,
వారానికి మూడు రోజుల సూదులు, ఆ పైన శవపేటిక.
వింటూ జడ్జి గారు కళ్లజోడు తీసి తుడిచారు.
అప్పుని క్షమించడం ఈ గదిలో చాలాసార్లు చూశాను.
అప్పు జ్వరం లాంటిది. వస్తుంది, దిగుతుంది.

తర్వాతి కాగితం అలాంటిది కాదు.
"బాకీలు ఎగ్గొట్టారా అన్న ప్రశ్నకి
లేదు అని రాశారు మీరు."

పెట్టెకి మూత పెట్టింది. తీసింది.
నా వేళ్లు గాలిలోనే ఉన్నాయి.
పంతొమ్మిది సెకన్లు. రికార్డులో అవి లేవు.

"వంటింటి బల్ల మీద నింపాను సార్, కంప్యూటరు అక్కడే.
మా కోల్బీ పక్కన కూర్చుని పాలల్లో సిరియల్ తింటున్నాడు.
పదకొండేళ్లు. తెర మీద ఏది కనిపిస్తే అది పైకి చదువుతాడు.
వాడి నోటితో ఆ అవును వినలేకపోయాను.
తర్వాత మారుద్దామనుకున్నా. పంపించేశా.
సాకు చెప్పట్లేదు. జరిగింది చెప్తున్నా."

ఎవరైనా పట్టుకున్నారా, అడిగారు జడ్జి గారు.
లేదంది. నాలుగు వారాలు నిద్ర లేక
తనే వెళ్లి సెక్యూరిటీ ఆఫీసరు తలుపు కొట్టిందట.
గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకుంటారు లోకులు,
ఈమె ఎవరూ అడక్కుండా పోయి భుజం చూపించింది.

"ఇప్పుడు నెలనెలా కడుతున్నారా?"
"ఎనభై ఐదు. రెండేళ్లలో ఒక్క నెలా తప్పలేదు."

వాళ్ల మాటలు అచ్చై వెళ్లిన మూడు వారాలకి
తప్పొప్పుల పట్టిక తిరిగొచ్చింది, నీలం పెన్నుతో.
నలభై ఒకటో పేజీ, పన్నెండో వరుస.
"ఒక్క నెలా తప్పలేదు అన్నాను. ఇంటికొచ్చి పెట్టె మళ్లీ లెక్కపెట్టాను.
పోయిన మార్చి రసీదు లేదు. ఆ నెల కట్టలేదు,
మా వాడి పళ్ల తీగలకి వాడేశాను. దయచేసి దిద్దండి."

ఆ పట్టిక నా తప్పులకమ్మా, నీ తప్పులకి కాదు.
నేను సరిగ్గానే విన్నాను, నువ్వన్నదే కొట్టాను.
అన్నమాట అన్నట్టే ఉండాలి, దిద్దడానికి నాకు హక్కు లేదు.
కాగితాన్ని చివర్న గుచ్చి
జడ్జి గారికి పంపాను.
నా వైపు నుంచి ఒక్క ముక్క కలపలేదు.
కలపాలనిపించిన మాట నిజం.

తీర్పులు నాకు పంపరు.

మే నెలలో అదే గది, ఇంకో కేసు.
కిటికీలో ఓడ మారింది, క్రేను అదే.
గడ్డం సరిగ్గా రాని కుర్రాడొకడు, జూదం బాకీలు.
నీ పని చూసి సంతకం పెట్టేదెవరు, అని అడిగారు.
"టీగ్ మేడమ్. సంతకానికి ముందు
ప్రతి బోల్టూ మళ్లీ లెక్కపెడుతుంది," అన్నాడు విసుగ్గా.

పేరు ఎలా రాయాలో ఆపి అడగడం నా పద్ధతి.
అడగలేదు.