రెండో గ్లాసు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి తూకాలు రాసే గుమాస్తాను.
పొద్దుగాల ఏడింటికి ఫోను:
"ఏసీబీ ఆఫీసు నుంచి. సాక్షిగ రావాలె.
ఎవ్వలకు చెప్పొద్దు, ఇంట్ల గూడ."
ఉప్మా సగంల ఇడిసిపెట్టి హన్మకొండ పోయిన.

గదిల ఆరుగురున్నరు.
మూలకు బానోతు హరిలాలు,
చెప్పులు గడప అవతల ఇడిసి వచ్చిండు.
సర్కారు గదికి చెప్పులిడిసే మనిషిని
నేను గా ఒక్కన్నే చూసిన.

తండాకు మూడు వందల మీటర్ల సిమెంటు రోడ్డు పోసిండట.
ఎండింది, బర్లు నడిచినయి, ఒక పెండ్లి బరాతు గూడ పోయింది,
కొలతల బుక్కుల మాత్రం
ఆ రోడ్డు ఇంక పుట్టలే.
పుట్టించే సారు నలబై వేలడిగిండు.

డీఎస్పీ నంబర్లు చదువుతుంటే నేను రాసిన,
ఎనబై ఐదువందల నోట్లు,
తూకం చీటీ రాసినట్టే.
కానిస్టేబులు వాటికి తెల్లపొడి అద్దిండు
పురిటి పిల్లకు పౌడరు రాసినంత పైలంగ.

"ముందుగాల నీ చెయ్యి ముంచు" అన్నడు నన్ను.
సోడా కలిపిన నీళ్ల గ్లాసు.
ముంచిన.
నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి.
నేనేం తినలే, ఏం ముట్టలే,
అయినా ఎందుకో ఊపిరి ఇడిసిన.
గోర్ల సందుల తేజ మిర్చి ఎరుపు
ఆ నీళ్లకు ఎరుకైతలేదు.

తువ్వాలతోటి మొఖం తుడుచుకుంటే గుర్తు.
హరిలాలుకు మెట్లమీదనే చెమట కారింది,
తువ్వాల ఎత్తబోయి రెండుసార్లు ఆపుకున్నడు.
మేం నర్సంపేటల చాయ్ హోటల్ కాడ
చల్లారిన చాయ్ పట్టుకొని నిలబడ్డం.

తర్వాత అంతా జల్దిగ అయింది.
ఏఈ పురుషోత్తం సారు కుడిచెయ్యి మొదటి గ్లాసుల,
దానిమ్మ గింజలు కడిగిన రంగు.
ఎడమచెయ్యి రెండో గ్లాసుల.
రంగు రాలే.
సారు మొదటి గ్లాసు దిక్కు చూడనే లేదు.
రెండోదాన్నే చూసుకుంట కూసున్నడు,
సగం మనిషన్న దక్కిండన్నట్టు.

సీసాలకు లక్క ముద్ర, పంచనామా, సంతకం.
బయట మెట్లమీద హరిలాలు మెల్లగ అన్నడు:
"సారూ, ఆరంగుళాల మందం పొయ్యాలె,
నాలుగే పోసిన.
గాయినకిచ్చేటియి ఏడికెల్లి తేవాలె నేను?
గా రెండంగుళాలే గా నోట్లు."
కాయితాలు నా చేతులనే ఉన్నయి.
ఆ మాట రాసేతందుకు గడి లేదు.
ఉన్నా రాద్దునా, తెల్వదు.

పదిహేను రోజులకు క్వాలిటీ వాళ్లు వచ్చి
మిషిన్‌తోటి రోడ్డును గుండ్రంగ కోసి
ఒక ముక్క సంచిల ఏసుకపోయిన్రట.

మాఘంల హరిలాలు మిర్చి తెచ్చిండు, పన్నెండు బస్తాలు.
"బిల్లు వచ్చిందా?"
"నన్నే నోటీసు అడిగింది."
నవ్విండు. "కోసిన బొందల పోరగాండ్లు గోళీలాడుతున్నరు సారూ,
మస్తు కుదిరింది వాళ్లకు."

కాంటా మీద ఒక్కొక్క బస్తా ఎక్కుతున్నది.
బస్తాకు కిలో తరుగు.
ఎవ్వలు చెప్పరు, ఎవ్వలు అడుగరు,
అడ్తి సేటు దగ్గుతడు, నేను రాస్త.
పదకొండేండ్లుగ రాస్తనే ఉన్న.
నలబై ఒకటిన్నర అని ముల్లు చూపిస్తే
నలబైన్నర అని నా కలం.
హరిలాలు కాంటాను చూడలే,
నా వేళ్లను చూసిండు.

పన్నెండూ రాసిన.

"దూపైతున్నది సారూ, నీళ్లున్నయా?"
కుండల ముంచి గ్లాసు నింపిన,
నా బొటనేలు నీళ్లల మునిగింది.
ఇచ్చేముందు ఒక్కసారి
రేకుల సందు నుంచి పడే ఎండకు
గ్లాసు పట్టి చూసిన.